ఆమె పేరు మీద రాసిన మాత్రలు

“నరాలే అనుకున్నామండీ.”

నా భార్య పోయిందన్న సంగతి నాకు ఈ మాటతో తెలిసింది. ఇంటర్ రెండో ఏడు వాళ్ళకి కెమిస్ట్రీ చెబుతున్నాను. ఆమె పనిచేసే మిషన్ స్కూలు ఆయా తలుపు దగ్గర నిలబడి ఉంది. కాళ్ళకి చెప్పులు లేవు. పరుగెత్తుకుంటూ వచ్చినట్టుంది. “టీచరమ్మ గారు బోర్డు దగ్గర కూలబడ్డారండి. ఆ నరాల సంగతి మీకు తెలుసు గదండీ. నరాలే అనుకున్నామండీ. స్టాఫ్‌రూములో పడుకోబెట్టి ఫాను వేశాం. హెడ్మిస్ట్రెస్ గారు ప్రార్థన చేశారు. కాసేపటికి చూస్తే...” అని ఆగిపోయింది.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టరు గారు చేతులు కడుక్కుంటున్నారు. గుండె అన్నారు. అరగంట ముందు తెచ్చి ఉంటే అని అడిగాను. చెప్పలేం అన్నారు. ఆమెకు నలభై నాలుగేళ్ళు.

మన సంఘ మాసపత్రికకు ఆమె గురించి నాలుగు మాటలు రాయమని పాస్టరు గారు అడిగారు. ఇలాంటి వాటిల్లో పోయినవారి భక్తి, సేవ, ఓర్పు రాయటం అలవాటు. అవన్నీ ఆమెలో ఉన్నాయి. కానీ ముందు ఒక సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఏం రాసినా అబద్ధం అవుతుంది.

నా భార్యకు నరాల జబ్బు లేదు. ఎప్పుడూ లేదు. ఆ మాత్రలు నావి.

నాలుగేళ్ళ కిందటి మాట. వేసవి సెలవుల తర్వాత కాలేజీ తెరిచారు. నాకు ఏదో అయింది. కారణం ఏమీ లేదు. ఎవరూ పోలేదు, ఉద్యోగానికి ఏమీ కాలేదు. కారణం లేకపోవటమే నన్ను ఎక్కువ భయపెట్టింది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉండేది. బోర్డు మీద సమీకరణం సగం రాసి, మిగతా సగం గుర్తు రాక చాక్‌పీస్ పట్టుకుని నిలబడిపోయేవాణ్ణి. నేను వాళ్ళనే ఆలోచించమంటున్నానని అనుకుని, పిల్లలే చెప్పేసేవాళ్ళు. ఆ ఏడు మంచి లెక్చరరని పేరు వచ్చింది.

మన అద్దంకిలోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మనసు బాగాలేదని చెప్పటానికి నోరు రాలేదు. ఒంట్లో నలతగా ఉందన్నాను, నిద్ర పట్టట్లేదన్నాను. ఆయన నా వీపు మీద చరిచాడు. “గ్యాసండీ మాస్టారూ. వంకాయ మానెయ్యండి. చెట్టంత మగమనిషి, మీకేం జబ్బండీ?” అన్నాడు. బలానికి ఇంజక్షన్లు చేశాడు. టానిక్కు రాశాడు. నాలుగు సీసాలు తాగాను. వంకాయ మానేశాను. మూడింటికి మెలకువ రావటం మానలేదు.

మా తమ్ముడు పక్క ఊళ్ళో పత్తి వేస్తాడు. చేలకు కొట్టే మందుల డబ్బాలు అద్దంకిలో కొని మా పెరటి గదిలో పెట్టి, కావలసినప్పుడు పట్టుకెళ్ళేవాడు. ఒక సాయంత్రం నేను ఆ గదిలో నిలబడి ఉన్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా భార్య స్కూలు నుంచి వచ్చి గుమ్మంలోంచి చూసింది. “కాఫీ చల్లారిపోతోంది, రండి” అంది. వంటింట్లోకి వెళ్ళాక చూస్తే పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

మర్నాడే తమ్ముడికి కబురు పెట్టి డబ్బాలన్నీ తీసుకుపొమ్మంది.

“ఇదేంటొదినా, ఇంత ఇంట్లో నాలుగు డబ్బాలకి చోటు లేదా?” అన్నాడు వాడు.

“ఆ వాసనకి నాకు తల పగిలిపోతోందయ్యా.”

“ఇన్నేళ్ళూ పగల్లేదు గదా?”

“ఇప్పుడు పగులుతోంది. నరాలు.”

నాలో ఉన్నదాన్ని ఆమె తన మీద వేసుకోవటం అదే మొదలు.

ఆ వారంలోనే గుంటూరు వెళ్దామంది. కొత్తపేటలో నరాల డాక్టరు ఉన్నాడని ఎవరో చెప్పారట. నేను రానన్నాను. అక్కడ ఎవరైనా చూస్తే రేపు క్లాసులో పిల్లలు నా మాట వింటారా అన్నాను. నిజానికి నా భయం పిల్లల గురించి కాదు. కొన్నేళ్ళలో ప్రిన్సిపాల్ గారు రిటైరవుతారు. తర్వాత వరసలో ఉన్నది నేను. నరాల డాక్టరు చుట్టూ తిరిగేవాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టరని నా భయం. అది ఆమెకూ తెలుసు.

“సరే, మీరు రావద్దు. నేనే వెళ్తా” అంది.

“నువ్వు వెళ్ళి ఏం చేస్తావు?”

“జబ్బు నాదని చెప్తా.”

హాస్యానికి అంటోందనుకున్నాను.

నోట్సు రాసుకోకుండా ఆమె ఏ పాఠమూ చెప్పేది కాదు. ఆ శుక్రవారం సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, స్కూలు నోట్సు పుస్తకం తెరిచింది. ఎన్నింటికి మెలకువ వస్తుంది? వచ్చాక ఏం ఆలోచన వస్తుంది? ఆకలి ఎలా ఉంటుంది? పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? డాక్టరుకి చెప్పలేనివి ఆమెకు చెప్పాను. ఆమె తల ఎత్తకుండా రాసుకుంది. తల ఎత్తి ఉంటే నేను ఆపేసేవాణ్ణి. మర్నాడు బస్సులో చిలకలూరిపేట దాకా బట్టీ పట్టిందట. సాయంత్రం తిరిగి వచ్చి మాత్రల పొట్లం బల్ల మీద పెట్టింది.

“పాసయ్యాను” అంది.

“ఏమన్నాడు?”

“పది నిమిషాలు పట్టలేదండీ. పిల్లలున్నారా అన్నాడు. లేరన్నా. ఆహా అని తల ఊపి రాసేశాడు. మీరు నాలుగు సీసాలు తాగినా దొరకంది నాకు పది నిమిషాల్లో దొరికింది. ఆడదాన్ని గదా, నరాలంటే నమ్మేస్తారు.”

డాక్టరు చూడకుండా మందు మింగటం తప్పు. కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, నాకు తెలియనిది కాదు. అయినా మింగాను. రాత్రి భోజనం అయ్యాక గ్లాసుతో నీళ్ళూ మాత్రా ఇచ్చి, అటు తిరిగి గిన్నెలు సర్దుకునేది. ఎందుకు అటు తిరుగుతావని ఒకసారి అడిగాను. “మీరు సిగ్గుపడతారు” అంది. నాలుగేళ్ళూ అలాగే తిరిగింది.

మూడు వారాలు గడిచాక ఒకరోజు అయిదింటికి మెలకువ వచ్చింది. ఆ మధ్యాహ్నం గోంగూర పచ్చడిలో ఉప్పు ఎక్కువైందన్నాను. నెలల తర్వాత నాకు ఒక రుచి తెలిసింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, “ఇంకో మాట అనండి. పప్పు కూడా బాగాలేదనండి” అంది.

అప్పటి నుంచి రెండు నెలలకోసారి గుంటూరు ప్రయాణం. మధ్యలో మాత్రలు అయిపోతే మన బజారులోని మందుల షాపు. చీటీ పట్టుకుని పట్టపగలు ఆమే నడిచి వెళ్ళేది. దాచుకుంటే అనుమానం వస్తుందనేది. దాచలేదు కాబట్టి ఊరంతటికీ తెలిసింది. తెలిశాక ఎవరి మాట వాళ్ళు అన్నారు. ఎక్కువమంది అన్నది ఒకటే. పిల్లలు లేని మనిషి గదా, నరాలు మరి. పిల్లలు లేనిది మా ఇద్దరికీ. నన్ను చూసి ఆ మాట ఎవరూ అనలేదు.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివే అలవాటు మన సంఘంలో ఉంది. అందరికీ తెలిసిందే, అయినా రాస్తున్నాను. ఆడవాళ్ళ పేర్లతో పాటు భయం, దిగులు, నిద్రలేమి, దడ వస్తాయి. మగవాళ్ళ పేర్లతో పాటు పరీక్ష, బదిలీ, ప్రయాణం, పంట వస్తాయి. ఇన్నేళ్ళలో ఒక మగవాడి దిగులు కోసం ప్రార్థన చేయమని ఎవరూ అడగగా నేను వినలేదు. ‘టీచరమ్మ గారి నరాల బలహీనత కొరకు’ అని నాలుగేళ్ళు చదివారు. ఆమె ఎడమవైపు ఆడవాళ్ళ చాపల మీద తల వంచుకుని ఉండేది. నేను కుడివైపు బెంచీలో కూర్చుని, అందరితో పాటు ఆమేన్ అనేవాణ్ణి.

మొదటి ఆదివారం ఇంటికి వస్తూ, “మీరు ఆమేన్ మరీ గట్టిగా అన్నారు” అంది. “మీకోసమేగా, అనండి. తప్పేం లేదు.”

స్త్రీల సమాజం వాళ్ళు మా ఇంట్లో కూటం పెట్టేవాళ్ళు. ఒకసారి ఒక పెద్దావిడ, “ఆ మాత్రలకి నోరు ఎండిపోద్దంటగా టీచరమ్మా?” అని అడిగింది. “ఎడారనుకోండి” అంది నా భార్య. అదే సమయానికి నేను వంటింట్లో చెంబు ఎత్తి గటగటా తాగుతున్నాను. ఆ చప్పుడు వసారాలోకి వినపడింది. “మాస్టారికి కూడా అంటుకున్నట్టుందే” అంది ఇంకొకావిడ. అందరూ నవ్వారు. నా భార్య అందరికంటే ఎక్కువ నవ్వింది.

అన్నీ నవ్వులు కావు. పిల్లల చేత క్రిస్మస్ నాటకం ఏటా ఆమే వేయించేది. గొర్రెల కాపరుల గడ్డాలకి మా తమ్ముడి చేలో పత్తి తెచ్చేది. గింజ తీయని పత్తి. తెల్లటి గడ్డంలో నల్లగింజలు కనిపిస్తుంటే, ఇంకా పూర్తిగా ముసలివాళ్ళు కాలేదులే అనేది. చీటీ సంగతి తెలిసిన రెండో ఏడు కమిటీవాళ్ళు వచ్చి, మీరు విశ్రాంతి తీసుకోండి, అంత గోల మీ నరాలు తట్టుకోలేవు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాటకం ఇంకొకరికి ఇచ్చారు. వాళ్ళు వెళ్ళాక ఆమె, “పోనీలెండి, గడ్డాలు అంటించే పని తప్పింది” అంది. ఆ డిసెంబరంతా సాయంత్రాలు చర్చి వైపు నుంచి పిల్లల పాటలు వినిపిస్తుంటే కిటికీ మూసి పేపర్లు దిద్దుకునేది. నేను చూశాను. చెప్పేస్తానన్నాను. “మీ కుర్చీ రానివ్వండి, తర్వాత చూద్దాం” అంది. నేను సరే అన్నాను. ఆ సరే అనటం నాకు తేలికగా వచ్చింది.

ఇంకొకటి కూడా జరిగింది. అది మేమిద్దరం అనుకోలేదు. ఆమెకు నరాల జబ్బు అని తెలిశాక, ఆడవాళ్ళు ఒక్కొక్కరే మా వసారాలోకి రావటం మొదలుపెట్టారు. మొదట వచ్చింది మిరపకాయలకు తొడాలు తీసే కూలి మనిషి. వేళ్ళ మంటకి కొబ్బరినూనె అడగటానికి వచ్చి కూర్చుంది. కాసేపటికి, “నాకూ అట్టాగే ఉంటదమ్మా. గుండెల్లో దడ. చేలో వంగితే లేవబుద్ధి కాదు, ఊరికే ఏడుపొస్తది. మీకంటే సారున్నారు. మాకెవురు రాస్తారమ్మా మాత్రలు?” అంది.

నా భార్య తర్వాతి శనివారం ఆమెను బస్సెక్కించుకుని గుంటూరు తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఇంకొకావిడ. ఆ తర్వాత మన సంఘంలోనే ఇద్దరు. వాళ్ళెవరో నేను రాయను. కొందరికి మాత్రలు అక్కర్లేదని డాక్టరు చెప్పి పంపించాడు. వాళ్ళు ఊరికే మా వసారాలో కూర్చుని మాట్లాడి వెళ్ళేవాళ్ళు. అబద్ధపు జబ్బుతో ఆమె నిజంగా జబ్బున్న వాళ్ళకి తోడైంది. “నోరు తెరిస్తే సగం మాత్ర వేసుకున్నట్టే” అనేది.

నాలుగేళ్ళలో ఆ వసారాలోకి ఒక్క మగవాడు రాలేదు. ఒకసారి మా వీధిలో ఒక రైతు తాగి అరుగు మీద కూర్చుని ఒక్కడే ఏడుస్తుంటే, దారిన పోయేవాళ్ళు నవ్వుతున్నారు. ఆమె నవ్వలేదు. “ఆడవాళ్ళకి ఏడవటానికి సెలవుందండీ. మగవాళ్ళు తాగితే గానీ సెలవు దొరకదు” అంది. నేను తాగను. నా సెలవు ఆమె.

ఈ ఏడు మిరపకాయలు ఎండబెట్టే రోజుల్లో ఆమెకు ఆయాసం మొదలైంది. స్కూలు మెట్లెక్కితే మధ్యలో ఆగేది. ఎడమ దవడ లాగుతోందనేది. వీపులో ఎవరో చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టుందనేది. ఊరంతా మిరప ఘాటు, దానివల్లనేమో అనుకున్నాం. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నాకు గ్యాస్ అన్న ఆయన దగ్గరికే.

ఆయన నాడి చూశాడు. “గుంటూరు మాత్రలు వాడుతున్నారు గదమ్మా?” అన్నాడు.

ఆమె తల ఊపింది.

“మానలేదు గదా?”

“లేదండి.”

“మరింకేం. ఇది అదేనమ్మా. గుండె కాదు, నరాలు. ఈ వయసులో, పిల్లల్లేని వాళ్ళకి, ఇంకాస్త ముదురుతుంది. మనసు ప్రశాంతంగా పెట్టుకోండి. ఆ మాత్ర రోజుకి ఇంకొకటి వేసుకోండి.”

నేను ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాను. అవి ఆమె వేసుకోదు డాక్టరు గారూ. అయిదు మాటలు. ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూసింది. వద్దని చూసింది అనుకున్నాను. చెప్పమని కూడా చూసి ఉండవచ్చు. ఆ చూపును నేను నాకు అనువుగా చదువుకున్నాను. ఆ వారమే మేనేజిమెంటువాళ్ళు నన్ను పిలిచి, వచ్చే ఏడాది బాధ్యతల గురించి మాట్లాడి ఉన్నారు. నేను అయిదు మాటలూ చెప్పలేదు.

బయటికి వచ్చాక ఆమె నవ్వింది. “చూశారా, నరాలంటే నమ్మాడు. గుండె అంటే నమ్మలేదు.”

రిక్షా ఎక్కుదామన్నాను. ఎప్పుడూ ఎక్కనిది, వెంటనే ఎక్కింది. అది చూసైనా నాకు అర్థం కావాల్సింది. కాలేదు. గుంటూరులో గుండె డాక్టరుకి చూపిద్దామన్నాను. స్కూలు పరీక్షలు అయిపోనివ్వండి, పేపర్లు దిద్దాక వెళ్దాం అంది. నేను మళ్ళీ సరే అన్నాను. పద్దెనిమిదో రోజున ఆయా నా క్లాసు తలుపు దగ్గరికి వచ్చింది.

స్కూలువాళ్ళను నేను ఏమీ అనటం లేదు. వాళ్ళు నాలుగేళ్ళుగా విన్నదే నమ్మారు. ఆ డాక్టరును కూడా పెద్దగా ఏమీ అనలేను. ఆయన చేతికి ఆ చీటీ ఇచ్చింది మేము. ఒక ఆడమనిషి చేతిలో ఆ చీటీ ఉంటే, ఆ తర్వాత ఆమె ఎక్కడ నొప్పి అన్నా అది చీటీలోకే పోతుందని మాకు తెలియదు. మొదటి రోజు మాకు పని తేలిక చేసింది ఏదో, చివరి రోజు ఆమెను పట్టించుకోనివ్వనిదీ అదే.

ఆమె కోసం పెట్టిన ఆదరణ కూడికలో చాలామంది మాట్లాడారు. అంత బలహీనతలోనూ ఎంత సేవ చేసింది అన్నారు. నేను వింటూ కూర్చున్నాను. అయిపోయాక, నాతో పనిచేసే ఒకాయన నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. పెద్ద గొంతు మనిషి, స్టాఫ్‌రూములో అందరినీ ఏడిపించేవాడు. గొంతు తగ్గించి, “సార్, అమ్మగారు ఏ డాక్టరు దగ్గర చూపించుకునేవారండీ? నాక్కాదు, తెలిసినవాళ్ళకి” అన్నాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. ఎన్నింటికి మెలకువ వస్తోందని అడగాల్సింది. “నాకు సరిగ్గా తెలియదండీ. అన్నీ ఆవిడే చూసుకునేది” అన్నాను.

పది రోజులకి మాత్రలు అయిపోయాయి. మందుల షాపుకి వెళ్ళి నిలబడ్డాను. షాపతను నన్ను చూసి లేచి బయటికి వచ్చాడు. రెండు చేతులూ పట్టుకున్నాడు. “పాపం సార్, ఇక ఆ మాత్రలతో పని లేదు. అమ్మగారి బాధ తీరిపోయింది” అన్నాడు. ఆ చేతులు వదిలించుకుని నాకు కావాలి అనలేకపోయాను. ఒక తలనొప్పి బిళ్ళ కొనుక్కుని ఇంటికి వచ్చాను. ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో రాయను. మళ్ళీ మూడింటికి మెలకువ. ఆమె లేనందుకా, మాత్రలు లేనందుకా అన్నది తేల్చుకోలేకపోయాను. తేల్చి చెప్పే మనిషే లేదు.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఆమె స్కూలు సంచి విప్పాను. నోట్సు పుస్తకం ఉంది. ఒకవైపు నుంచి మూడో తరగతి లెక్కలు. తిరగేస్తే రెండోవైపు నుంచి నేను. ప్రతి గుంటూరు ప్రయాణానికీ ఒక పేజీ. నిద్ర, ఆకలి, మాట, కోపం. ఎర్రసిరాతో టిక్కులు పెట్టి ఉన్నాయి. చివరి పేజీలో, ‘పాట కూనిరాగం తీశారు, స్నానం చేస్తూ’ అని ఉంది. నాకు ఆ సంగతే తెలియదు.

అందుకని ఇది రాస్తున్నాను. ఆమె కోసం మీరందరూ నాలుగేళ్ళు చేసిన ప్రార్థన నాకు చేరింది. కృతజ్ఞతలు. ఆమె గుండె కోసం ఎవరూ ప్రార్థన చేయలేదు, ఎందుకంటే నేను నిజం చెప్పలేదు. నాటకం ఆమె దగ్గర నుంచి తీసుకోనవసరం లేదు. ఆమె అరుపులకీ, కోపానికీ, పిల్లల్ని తిట్టినదానికీ నరాలు కారణం కాదు. ఆమెకు కోపం వస్తే నిజంగానే కోపం వచ్చింది. ఆమె పేరు నుంచి ఆ మాట తీసెయ్యండి. పాస్టరు గారికి ఒక మనవి. ఆ వరస అలాగే ఉంచి, అందులో నా పేరు చదవండి. నరాల బలహీనత అనవద్దు. దిగులు అనండి. మగవాళ్ళకి కూడా ఆ మాట ఉంది.

ప్రిన్సిపాల్ నియామకం ఉత్తర్వు ఇంటికి వచ్చింది. ఇంకా జవాబు రాయలేదు. ఇది చదివాక వాళ్ళు వెనక్కి తీసుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు.

నన్ను పక్కకి తీసుకెళ్ళి అడిగిన మిత్రుడు కూడా ఇది చదువుతాడు. డాక్టరు కొత్తపేటలో. గుంటూరు మొదటి బస్సు ఆరింటికి. తోడు కావాలంటే మా వసారా తలుపు తీసే ఉంటుంది.

కిందటి శనివారం ఆ బస్సులోనే వెళ్ళాను. నాలుగేళ్ళు నన్ను బతికించిన ఆసుపత్రి ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. సందులో చిన్న మేడ. గేటు దగ్గర నలుగురు మగవాళ్ళు సిగరెట్లు కాలుస్తున్నారు. ఎవరినో తీసుకొచ్చినవాళ్ళు. లోపల బెంచీల మీద ఆడవాళ్ళు. కాంపౌండరు బల్ల ముందు నిలబడి కొత్త చీటీ రాయమన్నాను. పేరు చెప్పాను, వయసు చెప్పాను.

“మీ పేరు కాదు సార్, పేషెంటు పేరు.”

“అదే.”

ఒక్క క్షణం నా మొహం చూసి రాసుకున్నాడు. రాసుకున్నాడే గానీ, వేరే ఎవరికో అనుకున్నట్టున్నాడు. కూర్చోమన్నాడు. బెంచీ చివర ఒక పెద్దామె చేతిసంచి పెట్టుకుని ఉంది. పిడుగురాళ్ళ నుంచి వచ్చిందట. సున్నపు బట్టీలో పని, వేళ్ళ చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి.

“ఎవర్ని తీసుకొచ్చావు బాబూ?” అంది.

“నేనేనమ్మా. నాకే.”

ఆమె సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని జరిగింది. కూర్చున్నాను.

ఇద్దరి తర్వాత కాంపౌండరు తలుపు తెరిచి నా పేరు పిలిచాడు. లేచి వెళ్ళాను. నేను గడప దాటాను. అతను తలుపు మూయలేదు. నా వెనక వచ్చే మనిషి కోసం చూస్తూ, తలుపు అలాగే తెరిచి పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.